గాలి లేని గొట్టములో ప్రయాణము

2017వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఆంధ్రప్రదేశ్ ఆర్థికాభివృద్ధి మండలివారికిని అమెరికాలోని హైపర్‌లూప్ ట్రాన్స్‌పోర్టేషన్ టెక్నాలజీస్ అను సంస్థవారికిని నడుమ ఒక అవగాహన పత్రము కుదిరినది. విజయవాడనుండి అమరావతికి గంటకు పైబడి పట్టు ప్రయాణము ఇకమీదట ఆఱు నిమిషముల పని యగునని ఆనాడు ప్రకటించిరి. పెద్ద గొట్టము నొకదానిని పఱచి, దానిలోని గాలిని తీసివేసి, మనుష్యులు కూర్చున్న పెట్టెను అందులో నేలకు తగులకుండ మహావేగమున నడపుట ఆ పథకము. వార్త విని కొందఱు పుష్పకవిమానము దిగివచ్చినట్లు సంతోషించిరి. కొందఱు నవ్వి యూరకుండిరి. సంతోషించినవారును నవ్వినవారును గూడ పెట్టె సంగతియే తలపోసిరి గాని గొట్టము సంగతి తలపోయలేదు.

మా దృష్టిలో చిక్కంతయు గొట్టములోనే యున్నది. ఈ కల నేటిది కాదు. రెండువందల యేండ్లుగా పలుమారులు వచ్చినది. వచ్చినప్పుడెల్ల పెట్టె నడచినది, గొట్టము ఓడినది. ఆ కథను, దాని వెనుకనున్న లెక్కలను పాఠకుల ముందుంచుట మా యుద్దేశము. లెక్కలలో గహనమైనది ఏదియు లేదు. ఉన్నత పాఠశాలలో చదువుకొను పిల్లవాడు కాగితముపై సరిచూచుకొనదగినవే.

ముందుగా గాలిని తీసివేయవలసిన అగత్యమేమో చూతము. ఎదురుగాలిలో సైకిలు త్రొక్కినవానికి దీనిని వేఱుగా చెప్పనక్కఱలేదు. వేగము రెండింతలైనచో గాలి అడ్డగింపు నాలుగింతలగును. ఆ అడ్డగింపును గెలిచి ముందుకు పోవుటకు కావలసిన ఇంజను బలము ఎనిమిదింతలగును. ఉక్కు పట్టాలమీద ఉక్కు చక్రము దొరలునపుడు పుట్టు రాపిడి స్వల్పమే. గంటకు 300 కిలోమీటర్ల వేగమున పోవు రైలుబండి తన బలములో పెద్ద పాలును గాలిని చీల్చుకొనిపోవుటకే వెచ్చించుచున్నది. విమానములు పది కిలోమీటర్ల యెత్తునకు ఎక్కి ఎగురుటకు ఒక ముఖ్య కారణము గూడ ఇదియే. అచట గాలి సాంద్రత నేలమీది గాలిలో మూడవవంతు మాత్రమే. గాలి పలుచనైన చోటికి మనము ఎక్కిపోవుట యొక యుపాయము. నేలమీదనే యుండి, మన త్రోవలోని గాలిని తోడివేయుట రెండవ యుపాయము. కాగితముమీద రెండవది ఎంతో సొగసైనది. ఎక్కనక్కఱలేదు, దిగనక్కఱలేదు, మబ్బులేదు, వానలేదు.

గొట్టపు ప్రయాణమును మొదట తలపెట్టినవారు గాలిని శత్రువుగా గాక గుఱ్ఱముగా వాడుకొనదలచిరి. పిచికారీలో కాడను లాగినపుడు నీరు లోనికెక్కును గదా. గొట్టమునకు ఒకవైపున గాలిని తోడివేసినచో రెండవవైపున నున్న గాలి లోపలి వస్తువును త్రోసికొనివచ్చును. 1810లో జార్జి మెడ్‌హర్స్టు అను లండను ఇంజనీరు ఉత్తరములను, సరకులను ఈ రీతిగా పంపవచ్చునని వ్రాసెను. రెండేండ్లకు మనుష్యులనుగూడ పంపవచ్చుననెను. అతడు గొట్టము కట్టలేదు. క్లెగ్గను ఇంజనీరును, సముడా సోదరులును కలిసి 1838లో దీనికి ఆచరణయోగ్యమైన రూపమును కల్పించిరి. వారు బండిని గొట్టములో పెట్టలేదు. పట్టాల నడుమ సన్నని ఇనుప గొట్టమును పఱచి, దానిలో పిస్టనును పెట్టి, గొట్టము పైభాగమున పొడవునను ఒక చీలిక విడిచి, ఆ చీలికగుండ పిస్టనును పైనున్న బండికి తగిలించిరి. చీలికకు తోలు మూత నమర్చిరి. బండి వచ్చునపుడు మూత తెఱచుకొని, బండి పోగానే మూసికొనవలెను. మూత అంటుకొనియుండుటకు కొవ్వు పూసిరి.

ఐర్లండులో కింగ్స్‌టౌనునుండి డాల్కీ వఱకు ఈ పద్ధతిని రైలు మార్గమొకటి 1844లో ప్రజలకు తెఱువబడినది. దాని పొడవు మూడు కిలోమీటర్ల లోపు. పొగలేదు, నిప్పురవ్వలు లేవు, బండి మెత్తగా పోవుచున్నది. చూచినవారెల్లరును ముచ్చటపడిరి. ఆ చిన్న మార్గము 1854 వఱకు, పదియేండ్లు, నడచినది.

దానిని చూచి ఇంగ్లండులోని ఇద్దఱు మహా ఇంజనీర్లు రెండు విధముల తీర్పు చెప్పిరి. రాబర్టు స్టీవెన్‌సన్ తన మనుష్యులచే డాల్కీలో కొలతలు తీయించి, 1844లో నివేదిక వ్రాసెను. ఇది నడువదని అతడు అనలేదు. నడచుచున్నది గదా! చిన్న దూరములకు, తేలిక బండ్లు తఱచుగా పోవుచోట్లకు పనికివచ్చుననియు, దీర్ఘమైన మార్గమునకు వ్యయము గిట్టదనియు, మార్గమంతయు ఒక్కొక్క యంత్రముపై ఆధారపడి యుండుటచే ఒకటి చెడిన అంతయు నిలుచుననియు లెక్కలతో చూపెను. ఇసాంబార్డు బ్రూనెల్ మాత్రము మనసిచ్చెను. అతని ప్రతిభను శంకించుటకు వీలులేదు. గ్రేటు వెస్టర్ను రైలుమార్గమును కట్టినవాడు, సముద్రముల దాటు ఇనుప ఓడలను నిర్మించినవాడు. అతని మాట విని దక్షిణ డెవన్ రైల్వే డైరెక్టర్లు ఎక్సెటరు నగరమునుండి న్యూటన్ వఱకు 32 కిలోమీటర్ల దూరము గొట్టము పఱపించిరి. సుమారు ఐదేసి కిలోమీటర్లకు ఒక్కొక్క పంపు భవనమును కట్టిరి.

1847 సెప్టెంబరులో బండ్లు నడువనారంభించినవి. వేగము గంటకు నూరు కిలోమీటర్లు దాటిన దినములును గలవు. ఆ కాలమునకు అది అబ్బురము. కాని తోలు తోలే గదా. ఎండకు ఎండి, మంచుకు బిఱ్ఱబిగిసి, పగుళ్ళు వాఱెను. ఇనుప త్రుప్పు తోలునందలి పసరుతో కలిసి దానిని కుళ్ళజేసెను. మూతకు కొవ్వు పూయుటకు మనుష్యులు మార్గము వెంబడి తిరుగుచునే యుండవలసి వచ్చెను. పూసినకొలది సందులగుండ గాలి లోనికి వచ్చుచునే యుండెను, పంపులు తోడుచునే యుండెను, బొగ్గు మండుచునే యుండెను. పంపు భవనముల నడుమ టెలిగ్రాఫు తీగెలు మొదట లేకపోవుటచే బండి ఆలస్యమైనను ఇంజను కాలపట్టిక చూచి గాలిని తోడుచుండెడిది. ఒక్క యేడాది గడచెను. తోలంతయు మార్చవలెనని తేలినపుడు బ్రూనెల్ తానే ఆపివేయుమని సలహా నిచ్చెను. 1848 సెప్టెంబరులో ఆ గొట్టమునకు సెలవు. వాటాదారులు నాలుగు లక్షల పౌనులకు పైబడి కోల్పోయిరి.

పాఠకులు ఒక్క క్షణమిచట ఆగవలెనని మా మనవి. మూడు కిలోమీటర్ల లోపు గొట్టము పదియేండ్లు నడచినది. 32 కిలోమీటర్ల గొట్టము ఏడాది నడచినది. రెంటిలోను సూత్రమొక్కటే, పిస్టనొక్కటే, తోలొక్కటే. మాఱినది పొడవు మాత్రమే. మూరెడు సందును మూయుట వేఱు, ఆమడల పొడవున ఆ సందునే ఎండకును వానకును మూసి యుంచుట వేఱు.

తరువాతి కథను త్వరగా చెప్పవచ్చును. 1864లో లండనులోని క్రిస్టల్ ప్యాలెసు తోటలో బండి మొత్తమును ఇటుక సొరంగములో పెట్టి పెద్ద పంకాతో ఊదిరి. సొరంగము ఆఱువందల గజములు. న్యూయార్కులో ఆల్‌ఫ్రెడ్ బీచ్ అను ఆయన బ్రాడ్వే వీధి క్రింద 95 మీటర్ల గొట్టపు మార్గమును తీర్చి, 1870లో తెఱచెను. జనము వేడుకగా ఎక్కిరి. 1873లో మూతపడెను. ఉత్తరములు మోయు సన్నని గొట్టములు మాత్రము గట్టిగా నిలిచినవి. పారిస్ నగరములో అవి 1866నుండి 1984 వఱకు పనిచేసినవి. నేటికిని పెద్ద ఆసుపత్రులలో రక్తపు సీసాలను, మందులను ఒక అంతస్తునుండి వేఱొకదానికి పంపునది ఆ పద్ధతియే. ఉత్తరము నడుమ చిక్కుకొన్నను దానికి ఊపిరాడకపోవుట లేదు.

ఇరువదవ శతాబ్దమున కల రూపు మాఱినది. గాలి గుఱ్ఱము కాదు, తొలగింపవలసిన అడ్డు అయినది. సైబీరియాలోని టామ్‌స్కు నగరమున బోరిస్ వైన్‌బెర్గ్ అను ఆచార్యుడు మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందే అయస్కాంతముల సాయమున గాలిలేని గొట్టములో చిన్న బండిని నడపి చూచెను. రాకెట్టు శాస్త్రమునకు ఆద్యులలో నొకడైన రాబర్టు గాడర్డు తన విద్యార్థి దశనుండియు దీనిపై మోజుపడెను. అతడు గతించిన యైదేండ్లకు, 1950లో, ఈ విషయమున అతని పేర పేటెంటు వచ్చెను. 1972లో రాండు సంస్థకు చెందిన రాబర్టు సాల్టరు అమెరికాను ఈ చివరనుండి ఆ చివరకు నిమిషములలో దాటింపు గొట్టమును వర్ణించెను. స్విట్జర్లండువారు 1974నుండి తలపోసి, స్విస్‌మెట్రో అను కంపెనీని పెట్టి, 2009లో దానిని ఎత్తివేసిరి. వీరిలో తెలివితక్కువవారొక్కరును లేరు.

ఇక నేటి హైపర్‌లూప్ సంగతి. 2013 ఆగస్టులో ఎలాన్ మస్కు 58 పుటల పత్రమును వెలువరించెను. అమెరికాలో లాస్‌ఏంజెలిస్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరముల నడుమ స్తంభములపై ఉక్కు గొట్టములు. లోపలి గాలి ఒత్తిడి బయటి దానిలో వేయవవంతు. 28 మంది పట్టు పెట్టెలు. వేగము గంటకు 1,220 కిలోమీటర్లు. ప్రయాణము 35 నిమిషములు. ఖర్చు 600 కోట్ల డాలర్లు. టిక్కెట్టు 20 డాలర్లు. ఆ రెండు నగరములను కలుపు వేగపు రైలుమార్గమునకు కాలిఫోర్నియా ప్రభుత్వము అప్పటికి వేసిన అంచనా 6,800 కోట్ల డాలర్లు. గొట్టము దానిలో పదవవంతునకే వచ్చునట! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు గొట్టమునకు ముందే టిక్కెట్టు ధర పుట్టినది. ఆ పత్రమును శ్రద్ధగా చదివినచో గొట్టము రెండు నగరముల నడిబొడ్డునకు చేరక శివారులలోనే ఆగుచున్నదనియు తెలియును. చవుకకు అదియు నొక కారణమే.

గొట్టమును దగ్గఱనుండి చూతము. మన చుట్టునున్న గాలి ప్రతి చదరపు మీటరుపైనను పది టన్నుల బరువుతో ఒత్తుచున్నది. లోపలను బయటను సమముగా నుండుటచే మనకు తెలియదు. ఖాళీ కిరసనాయిలు డబ్బాలో కొన్ని నీళ్ళు పోసి కాచి, ఆవిరి నిండగానే మూత బిగించి, పైన చన్నీళ్ళు చల్లినచో డబ్బా ఫెళ్ళున నలిగిపోవును. బడిలో ఈ ప్రయోగమును చూడనివారు అరుదు. అమెరికాలో పరీక్షకై కట్టిన గొట్టము అడ్డుకొలత 3.3 మీటర్లు. లోపల శూన్యమైనపుడు దాని ఒక్కొక్క మీటరు పొడవుపైన నూరు టన్నులకు మించిన ఒత్తిడి పడును. నిండు బరువుతోనున్న పది చక్రముల లారీలు ఇంచుమించు నాలుగు. ఉక్కు దీనికి తాళలేదని మేము అనుట లేదు. దళసరి ఉక్కు తాళును. కాని ఒక్క చొట్టయు, ఒక్క వంపును, ఒక్క లారీ తాకిడియు పడకుండ వందల కిలోమీటర్ల పొడవున అది యట్లే నిలువవలెను. దళసరి పెరిగినకొలది ఖర్చును పెరుగును.

ఉక్కుకు ఇంకొక గుణము గలదు. వేడికి సాగును. ఒక డిగ్రీ వేడి పెరిగిన, పది లక్షల పాళ్ళలో పండ్రెండు పాళ్ళు. ఇది ఏపాటిదని తోచును. పాతకాలపు రైలు పట్టాల నడుమ సందు విడుచుట దీనికే. నేటి పట్టాలను పొడవుగా అతికి, సిమెంటు దిమ్మెలకు బిగించి, కంకఱలో పూడ్చి ఆ సాగుడును అణచుచున్నారు. గాలిలో స్తంభములపై నిలిచిన గొట్టమును అట్లు అణచుట ఎట్లు? శీతకాలపు వేకువకును వేసవి మధ్యాహ్నమునకును నడుమ ఎండకెక్కిన ఉక్కులో 40 డిగ్రీల తేడా యనుకొందము. 560 కిలోమీటర్ల గొట్టము 270 మీటర్లు సాగును. ఆ పత్రకర్తలు ఈ సాగుడునంతయు రెండు కొసలయందలి జారుడు అతుకులలో సర్దుదుమని వ్రాసిరి. రెండువైపుల పంచుకొన్నను ఒక్కొక్క కొస 135 మీటర్లు ముందుకు వెనుకకు జరుగును. స్టేషనులో నిలుచున్న ప్రయాణికుడు గొట్టము మొదలును ఋతువుననుసరించి వెదకుకొనవలసి వచ్చును! అట్లుగాక నూరు మీటర్లకొక అతుకు వేయుదమన్నచో 5,600 అతుకులు. ప్రతి అతుకును ఐదు సెంటీమీటర్ల దాక సాగి ముడుచుకొనుచు గాలిని చొరనీయక యుండవలెను. బ్రూనెల్ తోలు మూత ఇచట ఉక్కు వేషమున మఱల దర్శనమిచ్చుచున్నది.

దీర్ఘమైన శూన్యపు గొట్టము అసాధ్యమా? కాదు. జెనీవా చెంత శాస్త్రజ్ఞులు నేలక్రింద 27 కిలోమీటర్ల వలయములో ఇంతకన్న మిక్కిలి గొప్ప శూన్యమును నిలుపుచున్నారు. అది బెత్తెడైన లేని సన్నని గొట్టము. ఎండకు, వానకు, లారీలకు దూరముగా నున్నది. దానికి కాపలా కాయు నిపుణులు వందలకొలది. అట్టి చోటనే 2008 సెప్టెంబరులో అయస్కాంతముల నడుమ విద్యుత్తు తీగె అతుకొకటి చెడి, హీలియము వాయువు వెలువడి, యంత్రము ఏడాదికి పైగా నిలిచిపోయెను. వేలాది అతుకులలో నొక్కటి.

మన కాలువల లాకులను చూచినవారికి హైపర్‌లూప్ స్టేషను సులభముగా బోధపడును. పడవ లాకులోనికి రాగానే వెనుక తలుపు మూసి, నీటిమట్టమును సరిచేసి, ముందు తలుపు తెఱతురు. ఇచట నీటికి బదులు గాలి. పెట్టె లాకులో ప్రవేశింపవలెను, తలుపు బిగియవలెను, గాలి తోడవలెను, అటుపై శూన్యములోనికి కదలవలెను. లాకులవద్ద పడవలు బారులు తీరుట మనమెఱిగినదే. ఆ పత్రములో రద్దీవేళ 30 సెకండులకొక పెట్టె బయలుదేఱునని యున్నది.

ఈ 30 సెకండుల మాట మిక్కిలి ముఖ్యమైనది. గంటకు 1,220 కిలోమీటర్ల వేగమున పోవు పెట్టె 30 సెకండులలో పది కిలోమీటర్లకు కొంచెము పైబడి పోవును. రెండు పెట్టెల నడుమ దూరమదియే. ముందుదానికి ఆపద కలిగిన వెనుకది ఎంత దూరములో ఆగగలదు? ప్రయాణికులను బెల్టులతో బిగించి, వారి శరీర భారములో సగమంత బలముతో ఒక్కుమ్మడిగా బ్రేకు వేసినను 11 కిలోమీటర్ల 700 మీటర్లు పట్టును. రైలులోవలె మెత్తగా ఆపినచో 57 కిలోమీటర్లు పట్టును. అనగా వెనుక పెట్టె ఆగులోపల ముందు పెట్టె ఉన్న చోటు దాటిపోవును. ముందుబండి ఉన్నచోటనే శిలవలె నిలిచిపోదు గదా యని వాదింపవచ్చును. రైల్వేలలో భద్రత చూచువారు ఆ వాదనను సాధారణముగా ఒప్పుకొనరు. ముందుబండి నిలిచిపోయినదనియే యెంచి వెనుకబండికి సిగ్నలు ఇత్తురు.

పోనిండు, 30 సెకండులే సాధ్యమనుకొందము. గంటకు 120 పెట్టెలు, పెట్టెకు 28 మంది, మొత్తము 3,360 మంది. 2023 జనవరిలో సికిందరాబాదు విశాఖపట్టణముల నడుమ ప్రారంభమైన 16 పెట్టెల వందే భారత్ బండిలో 1,128 సీట్లు ఉండెను. అట్టి బండ్లు మూడు నడపిన గొట్టము గంటసేపు చెమటోడ్చి చేసిన పని ముగియును. జపానులో టోక్యో ఒసాకా నడుమ 1964లో మొదలైన వేగపు రైలుమార్గమున నేడు రద్దీవేళ గంటకు 12 నొజోమి బండ్లు బయలుదేఱగలవు. బండికి 1,323 సీట్లు. గుణించి చూచుకొనుడు. వేగమునకు మాత్రమే విలువకట్టి, ఎందఱిని చేర్చుచున్నదో లెక్కింపనిచో మోటారు సైకిలు బస్సుకన్న గొప్పదగును.

మలుపు సంగతియు చెప్పవలెను. ఆ వేగమున తిరుగుటకు, శరీర భారములో సగమంత బలమును ఓర్చుకొన్నను, 23 కిలోమీటర్ల వ్యాసార్ధముగల వంపు కావలెను. కొండ అడ్డువచ్చిన తప్పించుకొనలేదు. ఊరు అడ్డువచ్చినను, పొలము అడ్డువచ్చినను తప్పించుకొనలేదు. గీత గీచినట్లు పోవలెను. గీత ఎవరి పొలముమీద పడునో వారు ఆ ఆఱు నిమిషముల ప్రయాణమునకు తమ వంతు చెల్లింతురు.

ఇన్ని చెప్పిన పిమ్మట ప్రయోగముల సంగతి దాచుట న్యాయము కాదు. నెవాడా ఎడారిలో వర్జిన్ హైపర్‌లూప్ అను వేఱొక సంస్థ 500 మీటర్ల గొట్టమును కట్టి, 2017లో మనుష్యులు లేని పెట్టెను గంటకు 387 కిలోమీటర్ల వేగమున పంపినది. 2020 నవంబరు 8న ఆ సంస్థవారే ఇద్దఱు కూర్చుండి 172 కిలోమీటర్ల వేగమున ప్రయాణించిరి. వారి ధైర్యమును మెచ్చుకొనవలసినదే. 1964నాటి జపాను రైలు అంతకన్న వేగముగా వందలమందిని మోసినదన్న సంగతియు మఱువరాదు. 2022 ఫిబ్రవరిలో ఆ సంస్థ ప్రయాణికులను విడిచి సరకుల రవాణాకు తిరిగి, నూరుమందికి పైగా ఉద్యోగులను తొలగించి, 2023 డిసెంబరు ఆఖరున మూతపడినది. మహారాష్ట్రలో పూనా బొంబాయి నడుమ వారు కట్టుదుమన్న మార్గము కాగితముపైనే నిలిచినది. మస్కు తన కార్ఖానా ప్రక్కన విద్యార్థుల పోటీలకై కట్టించిన గొట్టమును 2022లో తీసివేసిరి.

పరిశోధన ఆగలేదు. చైనావారు షాన్సీ రాష్ట్రములోని దాతోంగు వద్ద రెండు కిలోమీటర్ల మార్గమున గంటకు 623 కిలోమీటర్ల వేగమును అందుకొంటిమని 2024లో ప్రకటించిరి. మద్రాసు ఐ.ఐ.టి. విద్యార్థులు రైల్వే మంత్రిత్వశాఖ తోడ్పాటుతో తయ్యూరులో నాలుగువందల మీటర్లకు పైబడిన గొట్టమును సిద్ధము చేసిరి. ఇందులకు మేము సంతసించుచున్నాము. నాలుగువందల మీటర్ల గొట్టములో విద్యార్థి నేర్చుకొనునది అయస్కాంతములకు, పంపులకు, అతుకులకు, మఱి పది పనులకు పనికివచ్చును. ప్రయోగశాలకు పెట్టు కొన్ని కోట్లు వేఱు. ప్రయోగమును పథకముగా భ్రమించి, దాని పేర నగరపు నక్షాలు గీచి, రైలును, బస్సును వాయిదా వేయుట వేఱు.

కొందఱు మాకు చెప్పు సమాధానమొకటి యున్నది. రైలు పుట్టినపుడును నవ్విరి, విమానము పుట్టినపుడును నవ్విరి, మీ సంశయము గూడ అట్టిదే గదా యందురు. ఈ మాటలో పస లేకపోలేదు. నవ్వు ఎన్నడును లెక్క కాదు. అందువలననే మేము స్టీవెన్‌సన్‌ను తలచుకొంటిమి. అతడు నవ్వలేదు. కొలిచెను. నడచునని యొప్పుకొనుచునే ఎంత దూరము, ఎంత ఖర్చు, చెడిపోయిన ఏమగును అని అడిగెను. రైలుగాని విమానముగాని ఆ ప్రశ్నలకు చిన్ననాటనే కొంత కొంత సమాధానము చెప్పుచు పెరిగినవి. మొదటి రైలుబండి పది మైళ్ళు నడచినను పది మైళ్ళ ఉపయోగము కలిగినది. విమానమునకు త్రోవయే అక్కఱలేదు. గొట్టము అట్లుకాదు. ఆమూలాగ్రము పూర్తియై, ప్రతి అతుకును బిగిసి, ప్రతి పంపును పనిచేసిన పిమ్మటగాని మొదటి ప్రయాణికుడు ఎక్కుటకు వీలులేదు. తరువాతను ఏ ఒక్క చోట పెద్ద చిల్లు పడినను గాలి తుపానువలె చొచ్చుకొనివచ్చును, మార్గమంతయు ఆగును. ఆగిన పెట్టెలోనివారు తలుపు తీసికొని దిగలేరు. ఆ శూన్యములో మనుష్యునికి స్పృహ నిలుచునది పదునైదు సెకండుల పాటు మాత్రమే. గొట్టములోనికి గాలిని నింపి, దూరదూరముగానున్న ద్వారములగుండ వారిని బయటకు తేవలెను. రైలు ఆగిన మనము దిగి పట్టాలవెంట నడచుచున్నాము.

విజయవాడ అమరావతుల లెక్కను గూడ చూచి ముగింతము. నడుమ దూరమును ఎక్కువలో ఎక్కువగా 40 కిలోమీటర్లనుకొందము. ఆఱు నిమిషములలో పోవుటకు సగటు వేగము గంటకు 400 కిలోమీటర్లు కావలెను. గంటకు 160 కిలోమీటర్ల వేగముగల సాధారణమైన మంచి రైలు అదే దూరమును పదునైదు నిమిషములలో పోవును. మిగులునది తొమ్మిది నిమిషములు. స్టేషనుకు చేరుట, సామానుల తనిఖీ, బెల్టు బిగింపు, లాకులో గాలి తోడుట, ఆవల మఱల గాలి నింపుట, ఇవన్నియు ఆ తొమ్మిది నిమిషములలోనే జరుగవలెను. బెంజి సర్కిలు వద్ద బస్సుకొఱకు నిలిచినవారు పోగొట్టుకొను కాలమును గొట్టము ఒక్క నిమిషమైనను తగ్గింపదు.

ఆ గొట్టమునకు శంకుస్థాపన జరుగలేదు. అవగాహన పత్రము కుదిరిన ఏడేండ్లకు, 2024 అక్టోబరులో, కేంద్ర మంత్రివర్గము ఎర్రుపాలెమునుండి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల క్రొత్త రైలుమార్గమునకు ఆమోదము తెలిపినది. అంచనా వ్యయము 2,245 కోట్ల రూపాయలు. కృష్ణానదిపై 3.2 కిలోమీటర్ల వంతెన అందులో చేరియున్నది. ఉక్కు పట్టాలు, ఉక్కు చక్రములు, పైన బయటి గాలి.